పడవకు బ్రేకులుండయ్ తమ్మీ

మొన్న దసరా సెలవులకు వచ్చిన మా అన్న కొడుకు ఫోన్ల ఒక వీడియో చూపిచ్చిండు. దోస్తులు ఐదుగురు కలిసి ఓ రిజర్వాయర్ల స్పీడ్ బోటెక్కిన్రు. ఒకడు పడవ ముందటి కొసకు నిలబడి రెండు చేతులు సాపిండు. ఇంకొకడు లైఫ్ జాకెట్ ఇప్పి సీటు కింద వెట్టుకున్నడు. ఫోటోల కొత్త అంగీ కనవడాలె గద! డ్రైవర్ పిలగాడు ఒంటిచేత్తోని స్టీరింగ్ తిప్పి గుండ్రంగ చక్కర్ కొట్టిండు. నీళ్ళు గోడ లెక్క లేసినయ్. అందరు కేకలు.

"60 దాటింది కాకా" అన్నడు వాడు.

నేను వీడియో ఆపి, డ్రైవర్ చెయ్యి ఉన్న కాడ పెద్దగ చేసి చూసిన. "ఆయన చేతికి ఎర్ర తాడు లేదేందిరా?" అనడిగిన.

"ఏం తాడు కాకా?"

నేను రాసేది ఆ తాడు గురించే. కానీ తాడు దాక పోవాల్నంటె ముందు నీళ్ళ మీద స్పీడ్ అంటె ఏందో తెల్వాలె. నేను ఇంజినీర్ను గాదు, పదో తరగతి కాడ ఆగినోన్ని. 2019 సెప్టెంబర్ 15 నాడు గోదావరిల కచ్చులూరు కాడ టూరిస్టు పడవ మునిగింది. అందుల మా వరంగల్ దిక్కు కడిపికొండోళ్ళు గూడ ఉన్నరు. గప్పటి సంది పడవల గురించి దొరికిందల్ల సదువుతున్న. కచ్చులూరుది స్పీడ్ బోటు గాదు, అది వేరే కథ. కానీ సదువుకుంట పోతుంటె స్పీడ్ కాడికి వచ్చి ఆగిన. ఎందుకంటె మన చెరువులల్ల, రిజర్వాయర్లల్ల ఇప్పుడు దినదినం పెరుగుతున్నది గదే.

నీళ్ళు మెత్తగ ఉంటయని మనం అనుకుంటం. బాయిల దుంకి ఈత నేర్సినోళ్ళం గద. కానీ మిద్దె మీదికెల్లి పొట్ట ఆనిచ్చి దుంకినోన్ని అడుగు, నీళ్ళు ఎంత గట్టిగుంటయో చెప్తడు. నీళ్ళు గాలికంటె దాదాపు 800 రెట్లు చిక్కన. మెల్లగ పోతె పక్కకు జరుగుతయ్. జోరుగ పోతె జరగనీకె వాటికి టైం దొరకది. 100 మీద పోయే పడవల నుంచి పడ్డోనికి నీళ్ళు తారు రోడ్డు లెక్కనే తలుగుతయ్.

ఇంకోటి, మామూలు పడవ నీళ్ళను చీల్చుకుంట పోతది. స్పీడ్ బోటు అట్ల పోదు. జోరందుకున్నంక నీళ్ళ మీదికెక్కి, చెరువుల పిలగాండ్లు ఇసిరిన పెంకాస లెక్క పైపైన జారుతది. నీళ్ళను తాకేది ఎనుక భాగం కొంచెం, ఇంజిన్ రెక్క, గంతే. అందుకే అంత స్పీడ్ వస్తది. అందుకే అదుపు గూడ అంత తక్కువుంటది. బండికి టైరు రోడ్డును పట్టుకుంటది, బ్రేకు టైరును పట్టుకుంటది. పడవల ఏది దేన్నీ పట్టుకోదు. యాక్సిలరేటర్ వదులుతె నీళ్ళే మెల్లగ ఆపాలె. 60 కిలోమీటర్ల మీద పోయేటోనికి ఒక సెకను పరేషాన్ అయితె, ఆ సెకన్ల పడవ దాదాపు 17 మీటర్లు ముందుకు పోతది. చెరువుల ఈతగాని తలకాయ 17 మీటర్ల నుంచి కొబ్బరికాయంత గూడ కనవడది.

రేసు పడవల స్పీడ్ ఇంకా పెరిగినంక అసలు కథ నీళ్ళతోని గాదు, గాలితోని. ఎండకాలం గాలిదుమారం వస్తె పశువుల కొట్టం మీది రేకు ఎట్ల లేస్తదో సూసిన్రు గద. ఒక మూల కొంచెం పైకి లేసిందా, కిందికెల్లి గాలి దూరుతది. దూరినంక ఆ రేకును మనిషి ఆపలేడు. పడవ ముక్కు గూడ గంతే. చిన్న అల మీద ఎగిరి ముక్కు నాలుగేళ్ళు ఎక్కువ లేసిందంటె, కిందికెల్లి గాలి కొట్టి పడవను ఎనుకకు పల్టీ గొట్టిస్తది. స్పీడ్ రెండింతలయితె గాలి ఎత్తే బలం నాలుగింతలయితది. ఈ లెక్క తెల్వక ఎంతమంది పోయిన్రో! తెలిసి గూడ పోయిన్రు.

1930 జూన్ 13 నాడు ఇంగ్లండ్ల విండర్‌మియర్ సరస్సు మీద హెన్రీ సీగ్రేవ్ గంటకు 98 మైళ్ళు, అంటె 158 కిలోమీటర్లు దాటించి రికార్డు కొట్టిండు. అంతటితోని ఆగితె అయిపోవు. ఇంకోసారి పోయిండు, పడవ బోల్తా కొట్టింది. నీళ్ళకెల్లి తీసినంక, రికార్డు వచ్చిందా అని అడిగి పానం ఇడిసిండంటరు. ఆయనతోని ఉన్న మెకానిక్ గూడ పోయిండు. 1952 సెప్టెంబర్ 29 నాడు స్కాట్లాండ్ల లాక్ నెస్ మీద జాన్ కాబ్ 200 మైళ్ళు దాటిండు, పడవ అలల మీద ఎగిరి ముక్కలైంది.

డొనాల్డ్ క్యాంబెల్ కథ నాకు బాగ గుర్తుంటది. ఈయన 1955 నుంచి 1964 దాక ఏడుసార్లు నీళ్ళ మీద ప్రపంచ రికార్డు కొట్టినోడు. అనుభవం లేనోడు గాదు, దుస్సాహసం పిలగాడు గాదు. 1967 జనవరి 4 పొద్దుగాల కోనిస్టన్ సరస్సు మీద బ్లూబర్డ్ అనే జెట్ పడవ ఎక్కిండు. రికార్డు లెక్కకు రావాల్నంటె పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్ల స్పీడ్ కలిపి సగటు తీస్తరు. పోయేటప్పుడు 297 మైళ్ళు వచ్చింది. ఆడ ఆగి డీజిలో, కిరసనాయిలో పోసుకుని, సొంత పడవ లేపిన అలలు సల్లారే దాక ఆగాలె. ఆగలే. వెంటనే తిప్పిండు. వచ్చేటప్పుడు 320 మైళ్ళు దాటినంక ముక్కు లేసింది, రేకు లేసినట్టే లేసింది. పల్టీ కొట్టి నీళ్ళల్ల ముక్కలైంది. ఇంజిన్ తోపు ఒక్కసారి తగ్గుడు గూడ కారణమని తర్వాత లెక్కలేసినోళ్ళు చెప్పిన్రు. ఆయన ఎంబడి పెట్టుకునే ఎలుగుబంటి బొమ్మ నీళ్ళ మీద తేలి దొరికింది. మనిషి దొరకలే. 34 ఏండ్లకు, 2001ల, పడవను బయటికి తీసినంక శవం దొరికింది.

ఆ తర్వాత రికార్డు కొట్టింది ఆస్ట్రేలియా మనిషి కెన్ వార్బీ. ఈయన కథ సదువుతె మన ఊరి మెకానిక్‌లు యాదికొస్తరు. పడవను ఇంటి ఎనుక జాగల సొంతంగ కట్టుకున్నడు. జెట్ ఇంజిన్‌ను మిలటరీ పాత సామాను వేలంల కొన్నడు. 1978 అక్టోబర్ 8 నాడు 317 మైళ్ళు, అంటె 511 కిలోమీటర్లు. ఆ రికార్డు ఇంకా ఎవరు కొట్టలే. కొడదామని పోయిన లీ టేలర్ 1980ల సచ్చిపోయిండు, క్రెయిగ్ ఆర్ఫన్స్ 1989ల సచ్చిపోయిండు. వార్బీ 2023ల 83 ఏండ్ల ముసలితనంల పోయిండు. ఈయన గూడ ఒక్కనాడే అంత స్పీడ్ పోలే. ఏండ్ల తరబడి కొంచెం కొంచెం పెంచుకుంట, ప్రతిసారి పడవను మార్చుకుంట పోయినోడు.

ఇవన్ని ఒంటరిగ రికార్డుల కోసం పోయినోళ్ళవి. పోటీలల్ల సావులు ఇంకా ఎక్కువున్నయ్. ఫార్ములా వన్ కార్లు నడిపిన దిదియె పిరోనీ, కార్లు ఇడిసిపెట్టి పడవల రేసుకొచ్చిండు. 1987 ఆగస్టుల ఇంగ్లండ్ కాడ ఐల్ ఆఫ్ వైట్ పక్కన ఒక ఆయిల్ ఓడ లేపిన అల మీద ఎగిరి ముగ్గురికి ముగ్గురు పోయిన్రు. 1990 అక్టోబర్ 3 నాడు మొనాకో రాజకుమారి భర్త స్టెఫానో కాసిరాగీ 30 ఏండ్ల వయసుల అట్లనే పోయిండు. గప్పటిదాక పడవలు పైన తెరిచే ఉంటుండె, బెల్టు పెట్టుకునుడు గూడ శాన మందికి ఇష్టముండకపోతుండె. బోల్తా పడితె బయటికి ఎగిరి పడాలె, పడవ కింద చిక్కుకోవద్దు అని వాళ్ళ లెక్క. ఆ లెక్క తప్పని తెలిసే దాక ఎంతమంది పోయిన్రో. కాసిరాగీ పోయినంక ఆ రేసుల మూసుకునే కాక్‌పిట్, బెల్టు తప్పనిసరి చేసిన్రు. అమెరికాల అంతకుముందే మొదలైంది. బిల్ మన్సీ 1981ల, డీన్ షెనవెత్ 1982ల పడవ పల్టీలల్ల పోయినంక, 1986ల ఎఫ్-16 యుద్ధవిమానం అద్దాల టోపీ తెచ్చి పడవకు బిగిచ్చిన్రు. ఫార్ములా వన్ పడవల రేసుల 1984 ఒక్క ఏడాదే కొందరు డ్రైవర్లు సచ్చిన్రు, అందుల టామ్ పర్సివల్ ఒకడు. దానెంబడి క్రిస్ హాడ్జెస్ అనే డ్రైవర్ గట్టి డబ్బా అసొంటి కాక్‌పిట్ తయారుచేసిండు. పడవ ముక్కలైనా డ్రైవర్ కూసున్న డబ్బా ముక్కలు గావద్దు.

ఇయ్యాల ఆ రేసు పడవ చూస్తె నాకు నవ్వొస్తది, భయమైతది. పొడుగు ఆరు మీటర్లు. ఇంజిన్‌తోని కలిపి ఒక ముర్రా బర్రె బరువుకు అటిటు. ఇంజిన్ 400 హార్స్‌పవర్, అంటె మన 45 హార్స్‌పవర్ ట్రాక్టర్లు తొమ్మిది. 200 కిలోమీటర్లు దాటుతది. బ్రేకులు లేవు, గేర్లు లేవు. అయినా డ్రైవర్‌కు మెడను పట్టే పరికరం ఉంటది, నీళ్ళల్ల పడంగనే ఉబ్బి డబ్బా పూర్తిగ మునగకుండ ఆపే గాలిసంచి ఉంటది, ఊపిరికి గాలి ఉంటది. లైసెన్స్ కావాల్నంటె తాబేలు పరీక్ష పాస్ కావాలె. ఉత్త డబ్బాల బెల్టు పెట్టి కూసోబెట్టి, నీళ్ళల్ల తలకిందులు చేస్తరు. చీకట్ల, ముక్కుల నీళ్ళు పోంగ, బెల్టు ఇప్పుకుని బయటికి రావాలె. రాకుంటె రేసు లేదు. ఇగ ప్రతి మలుపు కాడ ఈతగాళ్ళు పడవల తయారుగుంటరు.

ఈ రేసు మనకు దూరం గాదు. 2018 నవంబర్ 16 నుంచి 18 దాక విజయవాడల కృష్ణ మీద, ప్రకాశం బ్యారేజీకి ఎగువన జరిగింది. ఒక పడవకు అమరావతి అని పేరు గూడ పెట్టిన్రు. గట్టు మీద జనం జాతర.

అదే ఏరు, అదే బ్యారేజీ ఎగువ, సరిగ్గ ఏడాది ముందు, 2017 నవంబర్ 12, కార్తీకమాసం ఆదివారం. భవానీ ద్వీపం దిక్కు నుంచి పవిత్ర సంగమం కాడికి జనాన్ని ఎక్కిచ్చుకుపోయిన పడవ బోల్తా పడి 20 మందికి పైగ సచ్చిన్రు. ఎక్కువమంది ఒంగోలు నుంచి హారతి చూద్దామని వచ్చినోళ్ళు. పడవకు పర్మిషన్ లేదు. ఎక్కినోళ్ళకు జాకెట్లు ఇయ్యలే. నేను రేసుకు ఎదురు గాదు, ఆటలంటె నాకు గూడ ఇష్టమే. కానీ ఒకటి చెప్పున్రి: 200 మీద పోయేటోనికి అన్ని రక్షణలు, 20 మీద పోయే ముసలవ్వకు ఒక జాకెట్ గూడ లేకపోవుడేంది? ఆడ ఒక్క డ్రైవర్ సస్తె రూల్ మారుతది, ఎందుకంటె పేరున్నోడు. ఈడ ఇరవై మంది సస్తె చెక్కు ఇస్తరు, కమిటీ ఏస్తరు.

సరే, తాడు కాడికి వద్దం. దాన్ని కిల్ కార్డ్ అంటరు. టెలిఫోన్ వైర్ లెక్క సుట్టలు సుట్టలుగ ఉంటది, ఎక్కువగ ఎర్రగుంటది. ఒక కొస డ్రైవర్ చేతికో కాలుకో, ఇంకో కొస స్టీరింగ్ పక్కన స్విచ్చికి. డ్రైవర్ కిందవడితె తాడు గుంజుకుపోయి ఇంజిన్ ఆగిపోతది. జిమ్‌ల ట్రెడ్‌మిల్ మీద ఉండే తాడు సూసిన్రా, గదే పని.

ఇది లేకుంటె ఏమైతది? 2013 మే 5 నాడు ఇంగ్లండ్ల పాడ్‌స్టో కాడ ఒక కుటుంబం సెలవు రోజు సొంత స్పీడ్ బోట్ల తిరుగుతున్నది. అమ్మ, నాయిన, నలుగురు పిల్లలు. ఒక జోరు మలుపుల ఆరుగురు ఒక్కసారే నీళ్ళల్ల పడ్డరు. తాడు ఎవరి ఒంటికి తగిలిచ్చి లేదు. మనిషి లేని పడవ ఆగలే, జోరు తగ్గలే. స్టీరింగ్ వదిలేస్తె పడవ సక్కగ పోదు, ఒక దిక్కు తిరిగి గుండ్రంగ తిరుగుతది. అంటె పడ్డోళ్ళ కాడికే తిరిగి తిరిగి వస్తది. వచ్చింది. నాయిన, 8 ఏండ్ల బిడ్డ సచ్చిన్రు, అమ్మకు కాలు పోయింది. ఇంజిన్ కింద రెక్క నిమిషానికి 3,000 సుట్లు తిరుగుతున్నదనుకో. మూడు రెక్కలు. సెకనుకు 150 దెబ్బలు. మనిషి ఒళ్ళు ఏం ఓర్సుకుంటది?

అమెరికాల 2021 ఏప్రిల్ 1 సంది 26 అడుగుల లోపు మోటారు పడవలల్ల ఈ తాడో, అసొంటి స్విచ్చో వాడుడు కేంద్ర చట్టమైంది. వాళ్ళ కోస్ట్ గార్డ్ ప్రతి ఏడాది లెక్కలు బయటపెడ్తది. పడవ ప్రమాదాలల్ల సచ్చేటోళ్ళల్ల నలుగురిల ముగ్గురు మునిగే సస్తరు. మునిగినోళ్ళల్ల పదిమందిల ఎనిమిది మందికి మించి ఒంటి మీద జాకెట్ ఉండదు. కారణం తెలిసిన సావులల్ల మొదటి స్థానం మందుది. ఈత వస్తదని ధైర్యం చెప్పుకునేటోళ్ళు వినాలె: తలకాయకు పడవ అంచు తాకి సోయి తప్పినంక ఈత ఎవరికి యాదికుంటది?

మన దేశంల స్పీడ్ ఎంత నష్టం చేస్తదో 2024 డిసెంబర్ 18 నాడు ముంబైల సూసినం. గేట్‌వే నుంచి ఎలిఫెంటా గుహలకు పోయే నీల్‌కమల్ అనే పడవల వంద మందికి పైగ ఉన్నరు, పర్మిషన్ కంటె ఎక్కువ. అదే నీళ్ళల్ల నేవీ స్పీడ్ బోటు ఒకటి ఇంజిన్ ట్రయల్ చేస్తున్నది. అదుపు తప్పి వచ్చి పడవను గుద్దింది. రెండు దిక్కుల కలిపి 15 మంది సచ్చిన్రు. గుద్దే ముందటి వీడియో మీరందరు సూసే ఉంటరు. టూరిస్టులు ఫోన్లు పట్టుకుని, అది ఆట కోసం సక్కర్లు కొడుతున్నదనుకుని తీస్తున్నరు. శానమందికి జాకెట్లు లేవు. దానెంబడి గేట్‌వే కాడ జాకెట్ లేంది ఎక్కనియ్యమన్నరు. ముందు రోజు ఎందుకు అనలే?

చట్టం లేక గాదు. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021ల ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం తెచ్చిన్రు. ఇంజిన్ ఉన్న పడవకు రిజిస్ట్రేషన్ ఉండాలె, సర్వే సర్టిఫికెట్ ఉండాలె, నడిపేటోనికి సర్టిఫికెట్ ఉండాలె, ఇన్సూరెన్స్ ఉండాలె. బోటింగ్ పాయింట్ కాడ టికెట్ కొనేటప్పుడు ఆ కాయితం సూపియ్యమని అడిగే హక్కు నీకున్నది. అడిగితె మొఖం అదోలా పెడ్తరు, పెట్టనియ్.

జాకెట్ తీసుకున్నంక బకిల్స్ అన్ని పడుతున్నయా సూడు. ఒక బకిల్ ఇరిగితె స్పీడ్‌ల నీళ్ళల్ల పడంగనే జాకెట్ మీదికి పోతది, నువ్వు కిందికి పోతవ్. చిన్న పిల్లలకు పెద్దోళ్ళ జాకెట్ తొడుగుడంటె తొడగనట్టే. ముందటి కొసకు కూసోకు, నిలబడకు. అల మీద ఎగిరి పడ్డప్పుడు ముందట కూసున్నోళ్ళకే ఎన్నుపూస ఇరుగుతది. నీళ్ళల్ల పడకుండనే మంచాన పడ్డోళ్ళున్నరు. చక్కర్లు కొట్టుమని డ్రైవర్‌ను ఎగేయకున్రి. ఆ పిలగాడు మీ అసొంటోడే, జీతం తక్కువ, టిప్పు కోసం కొడ్తడు.

ఆ డ్రైవర్లల్ల మీ దోస్తులు గూడ ఉంటరు, అది నాకు ఎరుకే. ముంపుల భూములు పోయిన ఊర్ల పిలగాండ్లకు దొరికిన కొలువు గదొక్కటే కొన్ని కాడల. పదిరోజులు ఎంబడి తిప్పి స్టీరింగ్ చేతికిస్తరు. తాబేలు పరీక్ష పక్కకు వెట్టు, తాడు ఎందుకున్నదో గూడ చెప్పరు. రేపేమన్న అయితె మొదటి కేసు వాని మీదనే. మొదటి శవం గూడ వాడే కావచ్చు.

వీడియో సూసిన తర్వాతి ఆదివారం మా అన్న కొడుకును ఎంబడేసుకుని అదే బోటింగ్ పాయింట్‌కు పోయిన. అదే డ్రైవర్. మంచి పిలగాడు, కుర్సీ ఏసి కూసోబెట్టిండు. తాడు ఏదని అడిగితె సీటు కింది డబ్బాల నుంచి తీసిండు, ఇంకా కవర్ల నుంచి పూర్తిగ బయటికి రాలే. "అది కట్టుకుంటె చెయ్యి తిరగదన్నా" అన్నడు. సరే ఒకసారి పెట్టి, ఇంజిన్ చాలు చేసి, గుంజి సూపియ్యమన్న. గట్టు కాడనే పెట్టిండు, చాలు చేసిండు, గుంజిండు.

ఇంజిన్ ఆగలే.

ఇంకోసారి గుంజిండు. ఆగలే. మూత ఇప్పి సూస్తె స్విచ్చి వైరు పీకి పక్కకు మడిచి టేపు సుట్టి ఉన్నది. ఎన్నడో నడుమల ఇంజిన్ ఊకె ఆగుతుంటె మెకానిక్ పీకేసిండట. ఎన్ని రోజులైందని అడిగిన. "నేను పనిల చేరినప్పటి సంది గట్లనే ఉన్నదన్నా" అన్నడు. చేరి రెండేండ్లయిందట.

దరఖాస్తు రాసిచ్చిన. ముద్ర ఏసి రసీదు ఇచ్చిన్రు. వైరు కలిపిందాక ఆ పిలగానికి ఫోన్ చేసి అడుగుతనే ఉంట.